పేరెత్తకుండా చెప్పిన పాఠం

ఆ రోజుల్లో ఢిల్లీలో, పరీక్షలకి చదివే పిల్లలుండే బేర్ సరాయ్ గదుల్లో పుస్తకం తెరవని మనిషిని నేనొక్కదాన్నే అనుకుంటాను. సంతకం వరకే చదువుకున్న కొత్త కోడల్ని, ఓ తెలుగు నర్సమ్మ గదిలో వంటకి కుదిరి, ఆవిడకే ఇటాలియన్ పాఠం చెప్పానంటే ఇప్పటికీ నా చెవి నేనే మెలిపెట్టుకోవాలనిపిస్తుంది. సిస్టరమ్మకి ఇటలీ ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమైంది, నోటి పరీక్ష గట్టెక్కితే చాలు. అదే ఓసారి తప్పింది. "మార్కో అనేవాడుంటే, మార్కోని చూశాను, మార్కోని పిలిచాను అంటూ పేరే పట్టుకు వేలాడకూడదంట అక్కా. రెండోసారి పేరు తీసేసి 'అతన్ని' అనాలి. మగాడైతే 'లో', ఆడదైతే 'లా'. నా నోటికి పేరే వచ్చేస్తంది!" అని నేను ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని ఏడ్చింది. (సగం ఏడుపు ఉల్లిపాయలదే.)

"ఓస్, ఇంతేనా? పెళ్ళైన కాణ్ణించీ ఆయన పేరు నేనెత్తితే ఒట్టు! ఆయన్ని లేపాను, ఆయనకి పెట్టాను అంటే తెలీనోళ్ళెవరు?" అన్నాను. అంతే, నేను పంతులమ్మనైపోయాను. పదిరోజులు గదిలో పేర్లన్నీ బంద్. టమాటా అని నోరు జారితే ఆ పూట చారు లేదు, "దాన్ని ఇటియ్యి" అనాల్సిందే.

సిస్టరమ్మ పరీక్షకెళ్ళొచ్చినట్టు లేదు, పోట్లాడి వచ్చినట్టు వచ్చింది. "బొమ్మ చూపించి ఏం జరుగుతోందంది మేడమ్. 'అతన్ని పిలుస్తోంది, దాన్ని ఇస్తోంది' అన్నాను. ఎవర్ని, దేన్ని అని ఆవిడ మొత్తుకున్నా పేరొక్కటి ఊడిపడలేదు నా నోట్లోంచి! వచ్చే నెల ఆఖరి ఛాన్సంట. ముందు పేరు చెప్పాలి, ఆ తర్వాతే అతన్ని. నేర్పినదానివి నువ్వే మొదలెట్టు. మీ ఆయన పేరు చెప్పు. చెప్పేదాకా అన్నం ముట్టను."

నిజంగానే ముట్టలేదు. పొద్దుటి నుంచీ ఖాళీ కడుపుతో ఉన్న పిల్ల. కళ్ళు గట్టిగా మూసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అనేశాను. "జీ సాబ్!" అని గుమ్మంలోంచి గొంతు. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చి నిలబడ్డాడాయన! ఢిల్లీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేది ఆఫీసులో పెద్దసారొక్కడే మరి. సిస్టరమ్మకి నవ్వీ నవ్వీ పొలమారింది. ఆ మరుసటి నెల పాసైంది కూడా.

ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ పేరు పలికింది ఆ ఒక్కసారే. ఇప్పుడు పింఛను కిటికీ దగ్గర ఆయన పేరడిగి, "జోర్ సే బోలియే, ఆంటీ" అంటారు. గట్టిగానే చెబుతాను. చెప్పి, పిచ్చిదాన్ని, ఓసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను.