సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు

ఆ ఆదివారం ఉదయం మా ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద ఉన్నవి: నా పాత బండి, ఒక స్టీలు టేపు, ఒక స్పిరిట్ లెవల్, ఒక చెక్కముక్క. ఉన్నవాళ్ళు: నాయన, చెల్లెలు, నేను. అమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది కాబట్టి ఆమెను సగం లెక్కలో వేసుకోవచ్చు.

బండి 249 సీసీ. ఒకటే సిలిండరు, నాలుగు వాల్వులు, ఆరు గేర్లు, రేడియేటర్‌తో చల్లబడే ఇంజను. 8,500 ఆర్‌పీఎం దగ్గర 25 హార్స్‌పవర్. ఈ మోడల్ తయారీ ఆపేసి చాలా ఏళ్ళయింది. కాలేజీ చివరి సంవత్సరంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి పది సెకన్లని బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. పుత్తూరు రోడ్డులో నేను చూసుకుంటే పదకొండు పట్టింది. ఇప్పటి బండ్ల ముందు అదేం గొప్ప వేగం కాదు. కానీ ఐదువేల ఆర్‌పీఎం దాటాక దాని గొంతు మారుతుంది, వెనక నుంచి ఎవరో భుజం తట్టి పదమన్నట్టు ఉంటుంది. నాకు ఉద్యోగం వచ్చి ఫ్యాక్టరీ బస్సు ఎక్కడం మొదలుపెట్టాక బండి కవరు కిందికి పోయింది.

కవరు తీయించింది చెల్లెలు. ఆమె నర్సు. వడమాలపేట దాటి, హైవే వదిలి లోపలికి పోతే వచ్చే పల్లెలో ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరింది. బస్సు హైవే మీద దించేసి పోతుంది. అక్కడి నుంచి ఆటో ఉంటే ఉంది, లేకపోతే నడకే. మొదటి నెలలోనే చాలాసార్లు ఆలస్యమైంది. ఇట్లాగే జరిగితే ఇంకొకరిని చూసుకోవాల్సి వస్తుందని పెద్ద డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. చెల్లెలికి లైసెన్సుంది, గేర్ల బండి హాస్టల్లోనే నేర్చుకుంది. అడ్డం నాయన ఒక్కడే.

నాయన ముప్పై ఏళ్ళు లారీ నడిపాడు. రోడ్డు గురించి ఆయన మాటకు మా ఇంట్లో తిరుగులేదు.

"రెండు కాళ్ళూ నేలకు ఆనల్ల. మునివేళ్ళు గాదు, మడమలు. అట్లయితే తీస్కపో," అన్నాడు.

చెల్లెలు ఎక్కి కూర్చుంది. మునివేళ్ళే ఆనాయి.

"సూసినావా, కాకి నిలబడినట్టు ఉండాది," అన్నాడు నాయన.

చెక్కముక్కను సీటు మీద పెట్టి, స్పిరిట్ లెవల్‌తో సమం చేసి, టేపు దించాను. 785 మిల్లీమీటర్లు, పుస్తకంలో ఉన్నంతే. ఇన్నేళ్ళూ ఆ పుస్తకంలో నేను చదివింది హార్స్‌పవర్, టార్కు, టాప్ స్పీడు. సీటు ఎత్తు అనే వరుస మీద ఒక్కసారి కూడా కన్ను ఆగలేదు. చెల్లెలి కాలు కూడా కొలిచాను. బండిని ముప్పై ఐదు మిల్లీమీటర్ల వరకు దించితే సరిపోతుందని తేలింది.

"నువ్వు కొలిసేలోపు అది నడిసి పొయ్యి డ్యూటీ జేసి వస్తాదిరా," అంది అమ్మ.

వారం రోజులు పట్టింది. మొదట ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులను వాటి బిగింపుల్లో పన్నెండు మిల్లీమీటర్లు పైకి జరిపాను, బండి ముందు భాగం అంత దిగింది. వెనక భాగం కూడా దిగేలా షాకబ్జర్‌కు ఉండే లింకులు మార్చాను. మిగిలిందానికి సీటును గాంధీ రోడ్డు పక్క సందులో సీట్లు కుట్టే సాయిబు దగ్గరికి తీసుకుపోయాను.

"పదైదు మిల్లీమీటర్లు కోయాలి," అన్నాను.

ఆయన సీటును అటూ ఇటూ తిప్పి చూశాడు. "కూసునేది మనిషే గదప్పా? మిల్లీమీటర్లు గాదే?"

"మా చెల్లెలు."

"అట్ల చెప్పు. పై నుంచి కొంచెం తీసి, ముందర పక్కలు సన్నం జేస్తా. కాలు దిగేదానికి దారుండల్ల."

మరుసటి ఆదివారం మళ్ళీ కొలిస్తే 751 వచ్చింది. చెల్లెలు డ్యూటీ చెప్పులతోనే ఎక్కింది. నాయన వంగి, ఆమె మడమ కింద వేలు దూర్చి చూశాడు. దూరలేదు. రెండో కాలు కూడా చూశాడు. చెల్లెలు నా వైపు చూసి నవ్వింది, సైడ్ స్టాండ్ వేసి దిగింది, చేతులు దులుపుకుంది.

బండి ఒక క్షణం నిటారుగా నిలబడింది. తర్వాత కుడివైపుకు పడిపోయింది. అద్దం పగిలింది, బ్రేకు లీవరు కొస విరిగింది.

తప్పు వెంటనే అర్థమైంది. బండిని దించాను, స్టాండును అలాగే వదిలేశాను. కిందికి దిగిన బండికి ఆ స్టాండు పొడవెక్కువ. బండి ఎడమకు వాలకుండా నిక్కి నిలబడింది, గచ్చు వాలు మిగతా పని చేసింది.

నేను లేపబోతే నాయన ఆపాడు.

"నువ్వుండు. నా బాధ ఇదే. మడమలు ఆనేది గాదు. ఆ పల్లె రోడ్డులో మద్యాన్నం పురుగు గూడా తిరగదు. ఆడ బండి పడితే ఎవురు లేపుతారు? నువ్వు పోతావా ఫ్యాక్టరీ బస్సులో?"

ఇది ముందే చెప్పి ఉంటే వారం పని తప్పేది. కానీ భయాన్ని భయంగా చెప్పడం ఆయనకు రాదు, షరతుగా పెట్టడం వచ్చు.

"నేను లేపుతా," అంది చెల్లెలు.

హ్యాండిల్ పట్టుకుని లాగింది. బండి గచ్చు మీద జానెడు జరిగింది, లేవలేదు.

"ఇంగ సాల్లే పాపా," అన్నాడు నాయన.

"ఉండు నాయనా. పేషెంటును చేతుల్తో పట్టి లాగం గదా, నేనేం జేస్తాండా?" అని తనను తానే తిట్టుకుంది.

సైడ్ స్టాండ్ తెరిచే ఉందో లేదో చూసుకుంది. బండికి వీపు తిప్పి, సీటు అంచుకు నడుము ఆనించి, మోకాళ్ళు వంచి కూర్చుంది. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒకటి వెనక పట్టు మీద. అమ్మ చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి వచ్చి, ఇటుక ముక్క ఒకటి ముందు చక్రానికి అడ్డం పెట్టింది. చెల్లెలు నడుము వంచకుండా, కాళ్ళతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేచింది. బండి ఆమెతోపాటు లేచింది. ఆ పొడవు స్టాండు మీద మళ్ళీ పడిపోకుండా నేను వెళ్ళి పట్టుకున్నాను.

ఆమె మెడ మీద చెమట తుడుచుకుంది.

"ఇంగోసారి పడెయ్యిరా," అన్నాడు నాయన నాతో.

"నాయనా, ఇంగో అద్దం కూడా పోతాది."

"అద్దం పోతే పోనీ."

పాత పరుపు పరిచి, బండిని ఈసారి ఎడమవైపు మెల్లగా పడుకోబెట్టాం. చెల్లెలు మళ్ళీ లేపింది, ఈసారి తొందరగా. నాయన లోపలికి పోయి తన లారీ రోజుల రేడియం పట్టీ తెచ్చి, బండి వెనక తనే అంటించాడు. "పొద్దున్నే పో. మంచు కాలంలో లైటేసుకో," అన్నాడు.

సోమవారం వెల్డింగ్ షాపులో స్టాండును పద్నాలుగు మిల్లీమీటర్లు కోయించి మళ్ళీ అతికించాను. మంగళవారం నుంచి ఆమె బండి మీదే పోతోంది. ఒక్కరోజు ఆలస్యం కాలేదు. ఆరో గేరులో నలభైతో పోతే ఇంజను కొట్టుకుంటోందని ఫిర్యాదు చేస్తే, నాలుగో గేరు చాలని చెప్పాను. పోయిన వారం నుంచి డాక్టరమ్మ ఆమెను టీకాల పనికి చుట్టుపక్కల పల్లెలకు కూడా పంపుతోంది, సొంత బండి ఉన్న నర్సు ఆమె ఒక్కతే కాబట్టి.

మొన్న రాత్రి అన్నాలు తినేటప్పుడు నాయన అడిగాడు, మజ్జిగ పోసుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా.

"పడిందా యాడన్నా?"

"వాన రోజు బురదలో ఒకసారి. కంకర మీద ఒకసారి. మెల్లగానే, దెబ్బేం తగల్లేదు."

"ఎవురు లేపినారు?"

"నేనే."

ఆయన తలూపి మజ్జిగ తాగాడు.

బండి చెల్లెలి చేతికి పోయి నాలుగు నెలలు. పడింది రెండుసార్లు.