వించి ముందు నేనాడిన అబద్ధం

మొన్న బెడోక్‌లో మా బ్లాకు ముందు పనివాళ్లు ఏవో సామాన్లు దించుతుంటే ఇనపతాడొకటి ఫట్‌మని తెగింది. ఎవరికీ ఏమీ కాలేదు గాని, నా చేతిలోని కాఫీ ఒలికిపోయి, పాతికేళ్ల కిందటి ఒక ఆదివారం కళ్లముందు నిలబడింది.

అవి కంప్యూటర్లని రెండువేల సంవత్సరం గండం గట్టెక్కించడానికి కంపెనీలు మనవాళ్లని విమానాల్లో దింపుకుంటున్న రోజులు. కాకినాడ నుంచి అలాగే ఈ ద్వీపదేశానికి వచ్చిన నేను, చోవా చూ కాంగ్‌లో ఒక తెలుగు అంకుల్ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. తాతల నాడే శ్రీకాకుళం తీరం వదిలి వచ్చేసిన కుటుంబం వారిది. ఆయన తెలుగులో అరవమూ మలయ్ కలగలిసి, భోజనానికి పిలవాలన్నా "మకాన్‌కి రా తంబీ" అనేవారు, ఇక్కడి అలవాటు కొద్దీ మాట చివర ఒక "లా" తగిలించేవారు. వయసులో ఉండగా తెల్లవాళ్ల నౌకాదళపు డాక్‌యార్డులో పనిచేశారట. అక్కడే ఓడల మ్యూజియం పెట్టారని తెలిసి, నాకు చూపిస్తానని ఎంతో ఉత్సాహంగా తీసుకెళ్లారు.

లోపల, ఓడల్ని తాళ్లతో లాగే పెద్ద వించి యంత్రానికి నల్లరంగు వేసి నిలబెట్టారు. దాన్ని చూడగానే ఆయన కాళ్లు ఆగిపోయాయి. తాడు అదురుతోంది ఆపమని వాళ్లన్న మొత్తుకుంటే, దొర ఫోర్‌మన్ బూటుకాలితో తన్ని లాగమన్నాడట. తెగిన ఇనపతాడు అన్నని నడుం దగ్గర కోసేసిందట. అప్పటికి ఇరవయ్యేళ్ల ఈయన ఆ ఫోర్‌మన్ తలని అదే యంత్రానికేసి మూడుసార్లు బాది జైలుకెళ్లారట. ఇదంతా నా చెవిలో చెబుతుండగానే, పక్కన ముసలి గైడొకాయన, ఇక్కడ ఒక్క ప్రమాదమైనా జరగలేదని బడిపిల్లలకి నవ్వుతూ చెప్పాడు.

"మా అన్న నెత్తురు నేను కడిగానురా, ఇక్కడే!" అంటూ, గైడుకి తెలుగు రాదన్న సంగతి కూడా మరచి, అంకుల్ అతని మీద పడిపోయారు. గైడు కళ్లజోడు పగిలి, పెదవి చీలి, చొక్కా అంతా ఎర్రబడినా ఆ పిడికిలి ఆగలేదు. పిల్లలు ఏడుస్తూ పరిగెత్తారు. ఇద్దరు గార్డులు అంకుల్ చేతులు వెనక్కి విరిచి, ముఖాన్ని నేలకేసి అదిమారు. అందులో ఒకడు నన్ను చూసి, ఈయన నీతో వచ్చాడా అని అడిగాడు. వర్క్ పాసు పోతుందన్న భయం తప్ప నాకింకేమీ తోచలేదు.

"కాదు, ఎవరో నాకు తెలియదు" అని గుంపులో కలిసిపోయాను.

గైడు కేసు వద్దన్నాడట, సాయంత్రానికి అంకుల్ ఇంటికొచ్చారు. మణికట్లు వాచి ఉన్నాయి. ఆంటీ అన్నం వడ్డిస్తుంటే నావైపు తిరిగి, "పోలీసుకి ఒంటరిగా వచ్చానని చెప్పేశా తంబీ, నీ పాసుకేం కాదు లా" అన్నారు. అంతకుముందే నేనేమన్నానో ఆయనకి తెలియదు.

నేనిప్పుడు ఈ దేశపు పౌరుణ్ణి, ఏ గార్డుకీ జంకాల్సిన పని లేదు. ఆ చోవా చూ కాంగ్ ఫ్లాట్‌లో ఎవరో కొత్తవాళ్లున్నారు, అంకుల్ పోయి ఏళ్లయింది. మా అంకులే, నాతోనే వచ్చారని చెప్పగల ధైర్యం వచ్చేసరికి, అడిగేవాళ్లెవరూ మిగల్లేదు.