వెనక బండి

వాళ్ళకది ఫారిన్ టూరు. నాకు అరకు నుంచి హుకుంపేట. వాళ్ళు కొండలు చూసుకుంటూ వెళ్ళారు, నేను గోతులు చూసుకుంటూ వెళ్ళాను.

తొంభైల చివర్లో సంగతి. అరకు బస్టాండు దగ్గర నాకో మెకానిక్ షెడ్డుండేది. మా నాన్న ఉల్లిపాయల వ్యాపారమని కింద మైదానం నుంచి కొండెక్కినవాడు. ఆ ఉల్లిపాయలు తప్పించుకోడానికి నేను స్పానర్ పట్టుకున్నాను. అప్పుడే విశాఖపట్నంలో ఒకాయన విదేశీయులకి బుల్లెట్ బండ్లు అద్దెకిచ్చి మా కొండల్లో తిప్పే పని మొదలెట్టాడు. నన్ను వెనక బండికి పెట్టుకున్నాడు. అంటే అందరికన్నా ఆఖర్న వెళ్ళాలి, పడినవాణ్ణి లేపాలి, ఊడింది బిగించాలి.

"ఏడుగురు బండ్ల మీద వెళ్తన్నారు. ఏడుగురూ బండ్ల మీదే తిరిగిరావాలి. ఒక్కరు జీపెక్కినా మన పరువు పోద్ది. సరిగ్గా తెచ్చావా, పై సీజనూ నువ్వే" అన్నాడు. జీపంటే సామాన్లు మోసే జీపు. మా వెనకే వచ్చేది.

వాళ్ళ లీడరు ఒకావిడ, నలభై ఏళ్ళుంటాయి. ఏడోవాడు ఆవిడ తండ్రి, డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి. మొదటిరోజు పొద్దున్నే ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. నాన్న ఇంటికెళ్ళాక లైసెన్సు తిరిగిచ్చేస్తాడు, ఆయన జన్మలో ఇదే ఆఖరి టూరు అంది. రెండుసార్లు పడితే ఊరుకుంటాను, మూడోసారి పడితే మాత్రం జీపే, దానికి ఆయనా ఒప్పుకున్నాడు అంది. వెనక ఉండేది నువ్వే కాబట్టి ఆ లెక్క నీదే అంది. నా ఇంగ్లీషుకి అర్థంకావాలని మూడుసార్లు చెప్పింది. మొదటిసారికే అర్థమైంది గానీ మధ్యలో ఆపితే బాగోదని ఊరుకున్నాను.

పడతాడని నాకు షెడ్డు దగ్గరే తెలిసిపోయింది. వాళ్ళ దేశంలో బండికి కుడికాలి కింద బ్రేకు, ఎడమకాలి కింద గేరు. మన బుల్లెట్లకి అప్పట్లో అంతా తిరగేసి ఉండేది. మిగతా ఆరుగురు ఒక పూటంతా తిట్టుకుని నేర్చేసుకున్నారు. ముసలాయన తలకి తెలుసు, కాలికి తెలీదు. యాభై ఏళ్ళ అలవాటాయె. మలుపు రాగానే కుడికాలు గట్టిగా నొక్కేవాడు. నొక్కితే బ్రేకు పడదు, పై గేరు పడుద్ది. ఆగాల్సిన చోట బండి నిక్షేపంలా సాగిపోయేది.

మొదటిసారి అనంతగిరి ఘాటులో, తిన్నగా కాఫీ చెట్లలోకి వెళ్ళిపోయాడు. అందరూ చూశారు, అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. హెల్మెట్ మీద ఆకులతోనే మళ్ళీ బండెక్కాడు.

రెండోసారి హుకుంపేట దాటాక, రోడ్డుకి అడ్డంగా పారే ఒక గెడ్డ దగ్గర, అంటే కొండవాగు. ముందరి వాళ్ళు అప్పటికే మలుపు తిరిగిపోయారు. జీపింకా రాలేదు. నీళ్ళలో బండితో సహా మెల్లగా పక్కకి ఒరిగిపోయాడు, నిద్రొచ్చిన మనిషిలా. లేపాను. ఫుట్‌రెస్టు వంగితే సుత్తితో సరిచేశాను. ఆయన తడిసిన చొక్కా పిండుకుని నా వైపు చూసి, నోటి మీద వేలేసుకున్నాడు. ఆ చూపు బడి ఎగ్గొట్టిన రోజుల్లో నాదే.

సాయంత్రం కూతురు అడిగింది, వెనక అంతా బాగానే ఉందా అని. ఓకే మేడమ్ అన్నాను.

నేనేదో చేతులు కట్టుక్కూచున్నానని కాదు. రోజూ సాయంత్రం గెస్ట్‌హౌసు మెట్ల మీద ఆయన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ఎడమకాలు తట్టి "బ్రేక్" అనేవాణ్ణి, కుడికాలు తట్టి "గేర్" అనేవాణ్ణి. ఒకటో క్లాసు పిల్లాడిలా అప్పజెప్పేవాడు. ఒక్క తప్పూ చెప్పేవాడు కాదు. బండెక్కితే మళ్ళీ మామూలే. విసుగొచ్చేది. కానీ ఘాటు పైకెక్కిన ప్రతిసారీ ఇంజను ఆపేసి, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, కింద లోయకేసి అలా చూస్తూ కూర్చునేవాడు. ఫోటోలు తియ్యడు, ఎవరితో మాట్లాడడు. అలా కూర్చున్న మనిషిని లేపి జీపెక్కించడం నావల్ల కాదనిపించేది.

ఆ రోజులు చైత్రమాసం, ఇటికల పండగ రోజులు. మగాళ్ళు విల్లమ్ములు పట్టుకుని అడవికి వేటకెళ్తారు. ఆడాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురుగెడ కట్టి, వచ్చిన ప్రతి బండినీ ఆపుతారు. ఏదో ఒకటి ఇచ్చుకోవాలి, లేదా వాళ్ళతో నాలుగు అడుగులు ఆడాలి. వేటకెళ్ళి ఉత్తచేతుల్తో వచ్చిన మగాడికైతే పేడనీళ్ళు పోస్తారు. మైదానపోళ్ళం కదా, ఆ రోజుల్లో మేం బండి బయటకి తియ్యం. ఆ సంగతి లీడరుకి చెప్పాల్సింది. ఫారినోళ్ళకి సరదాగా ఉంటుందిలే అనుకున్నాను.

గెడ కట్టింది ఏటవాలు దిగి మలుపు తిరిగిన చోట. నేనూ ముసలాయనా మలుపు దగ్గరకొచ్చేసరికి ముందర ఆరుగురూ ఆగిపోయున్నారు. బిందెలో పేడనీళ్ళు పట్టుకుని ఒక ముసలామె వాళ్ళ సీట్ల కింద చూస్తోంది. "ఏటి కొట్టుకొచ్చినారు? ఏటీ నేదా?" అని అడుగుతోంది. వాళ్ళు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు.

ఆయన కుడికాలు నొక్కడం నాకు వెనకనుంచి కనిపించింది. హారన్ కొట్టాను. హారన్ కొడితే ఏమవుద్ది? పై గేరు పడింది. బండి పల్లంలో గెడ మీదకి వెళ్తోంది. గెడ కొస పట్టుకుని పదేళ్ళ గుంట ఒకర్తి నిలబడుంది. పారిపోవాలని కూడా తోచలేదు దానికి. ఆయన హ్యాండిల్ ఒక్క విరుపు విరిచి, రోడ్డు దిగి, కాలవలో పడ్డాడు.

మోచెయ్యి దోక్కుపోయింది, అంతే. గుంటకేమీ కాలేదు. ముసలామె బిందె పక్కనబెట్టి వచ్చి, ఆయన చేతికి పసుపద్దింది. "గుంటని తప్పించబోయి ఈడు పడ్డాడు. ఈడికి పేడనీళ్ళు వద్దు" అని తీర్పు చెప్పింది. మిగతా ఆరుగురి గురించి ఏమీ అనలేదు.

కూతురు పరిగెత్తుకొచ్చి తండ్రి చెయ్యి చూసింది. తర్వాత లేచి నిలబడి, అందరి ముందూ నన్నడిగింది, "ఇది ఎన్నోది?"

"రెండోది మేడమ్" అన్నాను. నా గొంతు అస్సలు తడబడలేదు. ఆ విషయంలో నాకే ఆశ్చర్యంగా ఉంటుంది.

"మూడోది" అన్నాడు ముసలాయన కాలవలోంచి. గెడ్డ దగ్గరొకటి ఉందని, చెప్పొద్దని తనే అడిగానని చెప్పాడు. గుంట ఇంకా గెడ పట్టుకునే ఉంది. దానికేసి చూశాడు. తర్వాత తనే బండి తాళం తీసి కూతురి చేతిలో పెట్టాడు. ఆవిడ అది జేబులో వేసుకుని, జీపుని ఆపడానికి రోడ్డెక్కింది.

జీపు వచ్చింది. ఎక్కబోతూ ముసలాయన నా చెయ్యి రెండు చేతుల్తోనూ పట్టుకున్నాడు. నా కోసం అబద్ధమాడావు, థాంక్యూ అన్నాడు.

అబద్ధమాడే ముందు నా బుర్రలో మెదిలింది పై సీజను. ఆ గుంట కూడా కాదు, ఆయన కూడా కాదు. ఆ మాట ఆయనకి చెప్పలేదు. ఇంగ్లీషు రాదు కదా అని సర్ది చెప్పుకున్నాను గానీ, తెలుగొచ్చిన మనిషైనా చెప్పేవాణ్ణి కాదు.

ఆరుగురే బండ్ల మీద వచ్చారేంటని విశాఖపట్నమాయన మండిపడ్డాడు. నా పని అయిపోయిందనుకుని షెడ్డుకెళ్ళి కూర్చున్నాను. వానలు వెనకబట్టాక కబురొచ్చింది, బేగి రమ్మని. ముసలాయన వాళ్ళ ఊరినుంచి ఉత్తరం రాశాడట, వెనక బండికి ఎప్పటికీ ఆ మనిషినే పెట్టండి, తనకంటే ముందు పక్కవాణ్ణి చూసేవాడు అని.

ఆ ఉత్తరం పుణ్యమాని తొమ్మిదేళ్ళు ఆ పని చేశాను. అది ఆఫీసు గోడకి అద్దం కట్టించి పెట్టారు. నేనెప్పుడూ దాని ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోలేదు.