నూరుశాతం బాబాయి

ఎవరి ఫోన్‌లోనైనా చార్జింగ్ నూరుశాతానికి ఒక్కటి తగ్గితే బాబాయికి ముద్ద దిగదు. జ్వరంతో పడుకున్నవాళ్లను చూడబోయినా ముందు "ఫోన్ ఎంతుంది?" అంటాడు. జ్వరం ఎంతుందో తర్వాత.

చేసేది దర్జీ పని కనుక వైర్లన్నీ ఖాళీ దారం కండెలకు చుట్టి దాచుకుంటాడు. అన్నకూతురితో విమానం ఎక్కబోయిన రోజు సంచిలో పదకొండు కండెలూ, బారెడు ఎక్స్‌టెన్షన్ బోర్డూ ఉన్నాయి. తనిఖీలో అధికారి ఒక్కోటీ బయటికి తీశాడు.

"ఏంటి సార్, దుకాణం పెడతారా?"

"అబ్బే, ఒక్కోటి ఒక్కో రకం ఫోన్‌కండీ. ఇంతకీ మీది ఎంతుంది?"

అన్నకూతురికి తల కొట్టేసినట్టయింది. పొద్దున "నీ ఫోన్ ఇటివ్వవే, పెడతాను" అంటే, "నీ పిచ్చి నాకంటించకు బాబాయ్" అని కసిరింది కూడా.

తీరా చూస్తే విమానం మూడు గంటలు ఆలస్యం. దిగాక హాయిగా గదిలో కూర్చుని మాట్లాడదామనుకున్న ఇంటర్వ్యూ ఇక్కడే, ఫోన్‌లోనే ఇవ్వాలి. రెండేళ్లుగా ఎదురుచూస్తున్న ఉద్యోగం. చార్జింగ్ చూస్తే నాలుగు శాతం!

హాల్లో పనిచేసే ప్లగ్ ఒక్కటే. దాని పక్కనే నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు బాబాయి. బోర్డు నిండా ముక్కూమొహం తెలియనివాళ్ల ఫోన్లు.

"బాబాయ్... నాలుగే ఉంది."

"నాలుగా! ఓసి నీ అసాధ్యం కూలా, ముందే ఏడవచ్చుగా!" అంటూ ఒక వైరు పీకి, ఆమె ఫోన్ తగిలించాడు. "నువ్వు మాట్లాడుకో. నేనిక్కడుంటే మధ్యలో ఎంతుందని అడుగుతాను" అని లేచి వెళ్లిపోయాడు.

నలభై నిమిషాలయ్యాక అవతలివాళ్లు "వచ్చే నెల చేరండి" అన్నారు. సంతోషం పట్టలేక వెంటనే బాబాయికి ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసినా స్విచాఫే. నూరుశాతం బాబాయి ఫోను!

మంచినీళ్ల కుళాయి దగ్గర దొరికాడు. "ఉద్యోగం వచ్చింది బాబాయ్! నీ ఫోన్ చచ్చిందేం?"

"శభాష్! నాదా? పొద్దున ఇంట్లో అందరివీ పెట్టేసరికే టైమైపోయిందే. ఇక్కడ పెట్టాను, ఇంతలో నువ్వొచ్చావు. మిగతావి పరాయివాళ్లవి, పీకితే ఏం బాగుంటుంది?"

"పిన్ని ఫోన్ చేస్తేనో?"

"ఈ ఒక్కపూట నన్ను బతకనివ్వవే!"

ఆమె నవ్వుతూ చెయ్యి పట్టి లాక్కొచ్చి, ఖాళీ అయిన చోట అతని ఫోన్ పెట్టి తానే కాపలా కూర్చుంది. ఇంతలో ఓ పెద్దావిడ ఫోన్ పట్టుకుని వచ్చింది. "చోటుందా అమ్మాయ్?"

బాబాయి చెయ్యి తన వైరు మీదికి పోయేలోగా, అన్నకూతురు తన ఫోన్ పీకేసింది.

"అరవయ్యేనే!" బాబాయి లబలబలాడాడు.

"చాల్లే బాబాయ్" అని ఆమె పెద్దావిడ వైపు తిరిగింది. "ఇలా ఇవ్వండి. మీది ఎంతుందండీ?"

అనేశాక నాలుక కరుచుకుంది.