చక్కెర అంటని ఈగలు

ఆ ప్రయోగశాలలో అందరూ ఆవిడను ఈగలమ్మ అంటారు. పండ్ల మీద ముసిరే బుల్లి ఈగలను సీసాల్లో పెంచి, వాటి కణాల్లోని ప్రోటీన్లకు అతుక్కునే చక్కెరలను పరిశీలించడం ఆవిడ పని. సన్నని కుంచెతో ఒక్కో ఈగనూ జరుపుతూ "కదలకే తల్లీ" అని బతిమాలుతుంది. మనుషులతో మాత్రం ముక్తసరి. ఒక ప్రోటీనుకు చక్కెర అంటకపోతే ఈగ రెక్కలు ముడుచుకుపోతాయని కనిపెట్టింది ఆవిడే. ప్రయోగశాల నడిపే పెద్దసారు దాన్ని తన పేరుతో అచ్చు వేయించుకున్నాడు. ఆవిడ పళ్లు నూరుకుంది గానీ పల్లెత్తు మాట అనలేదు. ఈగలతో మాత్రం, "ఆయన సంగతి మీరే చూడాలి" అనేది.

అతిథులకు ఆ ఈగలను చూపించే రోజు దగ్గరపడింది. గుడ్డు నుంచీ వెచ్చగా పెంచితేనే ఆ రకం ఈగలకు చక్కెర అంటక రెక్కలు ముడుచుకుపోతాయి. "చల్లగదిలో పెంచమ్మా, ఎండకు చస్తాయేమో" అన్నాడు పెద్దసారు. "అలాగే సార్" అంది ఆవిడ. తీరా సభలో ఆయన సీసాకున్న దూది తీసి, "చూడండి, ఒక్కటీ ఎగరలేదు" అన్నాడో లేదో, ఈగలన్నీ జుయ్యిమని లేచి ఆయన కళ్లజోడు మీదా బట్టతల మీదా వాలాయి. "ఇదేంటమ్మా?" అని గుడ్లురిమాడు. "కనిపెట్టింది మీరు కదా సార్, మీకే తెలియాలి" అంటూ ఆవిడ తాపీగా కుంచె తుడుచుకుంది.