రంజన్ కింద కొమ్ముకప్ప

దయ్యాల మీద మా ఊరి గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ చదివినదాన్ని నేను. చదివినకొద్దీ భయం పోయింది. నమ్మకం అంతకంటే ముందే పోయింది. పాడుబడ్డ ఇంట్లో వినిపించే మూలుగు తలుపు సందుల్లోంచి వచ్చే గాలి అని, కప్పు మీద నడిచేది పిల్లి అని చెప్పి మా వాడకట్టు ఆడవాళ్ళ నోళ్ళు మూయించినదాన్ని. అందుకే ఈ సంగతికి దయ్యం అనే మాట వాడను. ఏ మాట వాడాలో కూడా నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

తొంభైల మొదటి రోజులవి. సిద్దిపేటలో మాది ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం. దుకాణం వెనకాలే ఇల్లు. నడుమ వాకిలి, ఒక పక్క రెండు గదులు మావి, ఎదురుగా రెండు గదులు మా మరిదివి. అత్తమ్మ మంచం వాకిట్లో, రెండు కాపురాలూ కనిపించే చోట ఉండేది.

మరిది భార్య పేరు రేణుక. నాకు యారాలు, అంటే తోటికోడలు. నాకంటే బాగా చిన్నది.

నేను ఏడో తరగతి దాకానే చదివాను. మిగతాదంతా గ్రంథాలయంలో నేర్చుకున్నదే. తెలుగు పుస్తకాలు అయిపోయాక, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషువి మొదలుపెట్టాను. ఒక పేజీకి ఒక మధ్యాహ్నం పట్టినా వదల్లేదు. గ్రహాలు, మందులు, జంతువులు, ఏది దొరికితే అది.

రేణుకకు ఇవేవీ అవసరం లేకపోయింది. ఆమె గుచ్చిన మల్లె కొమ్మ చిగురు వేసేది, నేను గుచ్చింది ఎండేది. వీధిలోని పిల్లి ఆమె గడపలోనే ఈనింది. నా కూతురు నేను కలిపిన అన్నం వదిలి ఆమె ముద్దలకు నోరు తెరిచేది. అత్తమ్మకు తలనొప్పి వస్తే "రేణుకా" అని పిలిచేది. ఉత్తరం వస్తే, మందు చీటీ మీద ఏం రాసి ఉందో తెలియకపోతే మాత్రం నన్ను పిలిచేది. చదివించుకుని పంపించేది.

అట్లాంటి ఇంట్లోకి మా తమ్ముడు ఆ కప్పను తెచ్చాడు.

వాడు బొంబాయిలో రంగు చేపలు అమ్మే దుకాణంలో పనిచేసేవాడు. ఎవరో ఓడల మీద తిరిగే మనిషి దాన్ని ఆ దుకాణంలో వదిలి మళ్ళీ రాలేదట. చిల్లులు పెట్టిన బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుని సిద్దిపేట దాకా తెచ్చాడు.

"అక్కా, దీని సంగతి మా సేటుకు గూడ తెల్వది. నువ్వు సదువుతవ్ గద, నువ్వే సాకాలె," అన్నాడు.

డబ్బా మూత తీశాను. అరచేతి అంత కప్ప. ఆకుపచ్చ ఒంటి మీద గోధుమరంగు మచ్చలు. ఒళ్ళెంతో నోరంత. రెండు కళ్ళ మీద రెండు కొమ్ముల్లాగా చర్మం మొనదేలి ఉంది. కుడి కొమ్ము కొస మాత్రం కొంచెం తెగి ఉంది. ఈ తెగిన కొమ్మును పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

రేణుక వచ్చి తొంగి చూసి ఒక్క గంతులో వాకిట్లోకి పోయింది.

"వామ్మో! అక్కా, గిదేంది? గుడ్లురిమి సూస్తున్నది నన్ను!"

నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ ఇంట్లో ఆమెకు అక్కర్లేనిది, నాకు మాత్రమే ఉన్నది, అదొక్కటే.

గ్రంథాలయంలో జంతువుల సంపుటం ఒకటి ఉండేది. అందులో ఈ కప్ప బొమ్మతో సహా దొరికింది. భూమికి ఆ వైపున, దక్షిణ అమెరికా అడవుల్లో ఉంటుంది. వెనక కాళ్ళతో మట్టి తవ్వుకుంటూ వెనక్కి దిగిపోయి, కళ్ళు మాత్రం పైకి పెట్టి కూర్చుంటుంది. ఎదురుగా కదిలిందల్లా మింగుతుంది. నీళ్ళు నోటితో తాగదు, పొట్ట చర్మంతో పీల్చుకుంటుంది. పెద్దగా గెంతదు, దూరం నడవదు. వానలు లేనప్పుడు తన చర్మపు పొరలనే సంచిలాగా చుట్టుకుని మట్టిలో పడుకుంటుంది. అంతా రాసుకుని వచ్చి ఇల్లు కట్టడం మొదలుపెట్టాను.

మిఠాయి దుకాణం వాళ్ళు తీసేసిన అద్దాల అల్మారా పలకలు కోయించి, అతుకులకు లప్పం పెట్టించి పెట్టె చేయించాను. అడుగున గులకరాళ్ళు. వాటి మీద వాసన పట్టకుండా బొగ్గు ముక్కలు. ఆ పైన కోమటి చెరువు పూడిక మట్టి, జల్లెడ పట్టి, జానెడు లోతు. మట్టి మీద విస్తర్లు కుట్టగా మిగిలిన మోదుగాకులు. ఒక మూల లోతు లేని మూకుడులో నీళ్ళు. నల్లా నీళ్ళకు మందు వాసన ఉంటుంది కాబట్టి ఒక రోజు నిలవబెట్టి పోసేదాన్ని. పైన చెక్క చట్రానికి సన్నటి ఇనుప జాలి కొట్టించిన మూత. మూత మీద రోటి పొత్రం పెట్టాను. నేనే రెండు చేతులతో లేపాల్సినంత బరువది.

అత్తమ్మ మంచం మీద నుంచి చూస్తూనే ఉంది.

"కప్పకు అద్దాల మేడ గడ్తున్నవా పిల్లా? నా మంచం నులక బిగియ్యమని దసర కాంచి మొత్తుకుంటున్న, దానికి మాత్రం తీరది!"

నేను పట్టించుకోలేదు. కప్ప మట్టిలోకి దిగింది, కళ్ళు పైకి పెట్టింది, ఎర్రలు, మిడతలు తిన్నది. పుస్తకంలో ఎట్లా ఉందో అట్లాగే. చూడటానికి వాడకట్టు అంతా వచ్చింది. అందరికీ నేనే చెప్పేదాన్ని.

కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున ఆకులు జరిపి చూస్తే కప్ప లేదు. మూత మూసే ఉంది. పొత్రం కదలలేదు. మట్టిలో కప్ప కూర్చున్న గుంట అట్లాగే ఉంది. నేను చేయి పెట్టి వెతుకుతుండగానే ఎదురు గదిలోంచి రేణుక కేక వినిపించింది.

మా దగ్గర రంజన్‌ను, అంటే తాగే నీళ్ళ మట్టి కుండను, తడి ఇసుక మీద పెడతాం, నీళ్ళు చల్లగా ఉంటాయని. రేణుక రంజన్ వంటగది మూలన ఉండేది. ఆ ఇసుకలోంచి రెండు కొమ్ములు పైకి ఉన్నాయి. కుడిదాని కొస తెగి ఉంది.

"నువ్వు తెచ్చినవా?" అన్నాను.

"నేనా! దాన్ని ముట్టుకుంటనా అక్కా నేను? నువ్వు ముందుగాల దీస్కపో, నాకు కాళ్ళు వణుకుతున్నయ్!"

తెచ్చి పెట్టెలో వేశాను. వారం తిరగకుండానే మళ్ళీ అక్కడే. తెచ్చాను. మళ్ళీ పోయింది.

చదివిన మనిషిని కదా, పరీక్ష పెట్టాను. ఒక సాయంత్రం పెట్టె చుట్టూ, నా గడప మీద, వాకిట్లో, రేణుక గడప మీద ముగ్గు పిండి పల్చగా చల్లాను. పొద్దున పిండి మీద పిచ్చుక కాళ్ళు తప్ప ఏ గుర్తూ లేదు. కప్ప రంజన్ కింద ఉంది.

తర్వాత చంద్లాపూర్‌లో మా పుట్టింటి పెళ్ళికి పోతూ గదికి తాళం వేసి, చెవి కొంగుకు కట్టుకున్నాను. కిటికీలు బిగించాను. తిరిగి వచ్చేసరికి తాళం వేసినట్టే ఉంది. పెట్టె ఖాళీ. ఎదురు గదిలోంచి రేణుక గొంతు వినిపిస్తోంది. ఈసారి కేక కాదు.

"మల్లొచ్చినవా బాదుషా? కూసో, కూసో. అక్క వచ్చేదాంక కూసో."

చీపురు పుల్ల చివర బొద్దింకను గుచ్చి దాని ముందు ఆడిస్తోంది. కప్ప ఎగబడి అందుకుంది.

పేరు పెట్టింది! అంత చదివి, మట్టి జల్లెడ పట్టి, నీళ్ళు నిలవబెట్టి పోసిన నాకు దానికి పేరు పెట్టాలని తోచలేదు. ముట్టుకోవడానికి వణికిన మనిషి పేరు పెట్టింది.

"నిజం జెప్పు రేణుకా. నువ్వే తీస్తున్నవ్ గద?"

"మా అవ్వ మీద ఒట్టు అక్కా. తాళం చెవి నీ కొంగుకే ఉండె. నేనెట్ల తీస్త?"

కొంగుకున్న చెవిని తడిమి చూసుకున్నాను. అత్తమ్మ మంచం మీద నుంచే అందుకుంది.

"దానికి ఆడ సల్లగున్నది. మాటిమాటికి ఎందుకు గుంజుకొస్తవ్? నీకు పుస్తకాలున్నయ్ గద."

ఆ ఎండాకాలం చివర్లో మరిది ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో సొంతంగా దుకాణం పెట్టాడు. కాపురం అక్కడికే మారింది. కప్ప ఎవరిదని ఎవరూ అడగలేదు. అత్తమ్మ "ఆమెకే ఇయ్యి, అది ఆమె తాన మరిగింది" అన్నది, అంతే. రేణుక సామాన్ల లారీలో ముందు కూర్చుని, ఒళ్ళో రంజన్, పక్కన మా తమ్ముడు తెచ్చిన బిస్కెట్ల డబ్బా పెట్టుకుని వెళ్ళింది.

ఖాళీ పెట్టెను తీసేయమన్నారు. తీయలేదు. రోజూ కొన్ని నీళ్ళు చల్లుతూ ఆ మట్టిని ఎండనివ్వలేదు. మూత మూసి పొత్రం పెట్టేదాన్ని. ఎందుకని అడిగితే చెప్పలేను. అది నేను కట్టిన ఇల్లు.

వానలు పడ్డాయి. ఒక పొద్దున పొత్రం దించి, మూత తీసి నీళ్ళు చల్లుతుంటే మోదుగాకు ఒకటి కదిలింది. దాని కింద రెండు కొమ్ములు. కుడిదాని కొస తెగి ఉంది.

పెరట్లో ఎర్ర ఒకటి తీసి ముందు వేశాను. అందుకుంది. ఇంకొకటి వేశాను. అదీ అందుకుంది. ఆకలి మీద ఉన్నట్టు తిన్నది.

ఎవరికీ చెప్పలేదు. మా దుకాణంలో ఫోను ఉన్నా ఎవరూ వినొద్దని బస్టాండు దగ్గరి ఫోను బూత్‌కు పోయి మరిది దుకాణానికి ఫోను చేసి రేణుకను పిలిపించాను.

"కప్ప బాగుందా?"

"బాగున్నది అక్కా. గిప్పుడే రంజన్‌ల నీళ్ళు వోసుకుంట సూసిన. ఎందుకడుగుతున్నవ్?"

"ఊరికెనే."

నా గొంతులో ఏం వినిపించిందో ఏమో, మరునాడే బస్సెక్కి వచ్చింది. అత్తమ్మను పలకరించకుండా తిన్నగా నా గదిలోకి వచ్చి, పెట్టె ముందు గొంతుక్కూర్చుంది. చాలాసేపు చూసింది. తెగిన కొమ్మును అద్దం మీద నుంచి వేలితో చూపించింది.

"ఇది నీ తాన తింటున్నదా అక్కా?"

"తింటున్నది."

"నా తాన నెల దినాల సంది ఏం ముట్టలే. కదల్లే గూడ. అట్లనే కూసుంటున్నది. కొత్త జాగ గద, అలవాటైతదనుకున్న."

నన్ను చూడకుండానే అన్నది.

"అందరికి నువ్వే గావాలె అక్కా. ఎవలొచ్చినా అత్తమ్మ నీ ముచ్చటనే జెప్తది, మా పెద్దకోడలు ఇంగిలీసు సదువుతదని. నన్ను కాళ్ళు పిసుకమంటది. మీ మరిది గూడ అంతే, వదినెను జూసి నేర్చుకో అంటడు. గిదొక్కటి ఎవ్వలు పిలువకున్న నా తానకొచ్చింది. గిది గూడ నీకే వాయె."

అత్తమ్మ నా గురించి ఎవరికో అట్లా చెప్తుందని నేనెప్పుడూ వినలేదు. రేణుక ముఖం వైపు చూశాను. బొట్టు పెట్టుకుంటూ అద్దంలో నేను ఎన్నోసార్లు చూసుకున్న నా ముఖమే అది. తీసుకుపొమ్మని అనాలి. అనలేదు. ఆమె చాయ్ కూడా తాగకుండా బస్సెక్కింది.

మరునాడు ఫోను వచ్చిందని దుకాణంలోకి పిలిచారు. రేణుక. ఇసుకలో చేయి పెట్టి చూసిందట. కొమ్ములతో సహా కప్ప ఆకారంలో ఉత్త పొర వచ్చిందట, పల్చటి కాగితంలాగా. లోపల ఏమీ లేదట.

గ్రంథాలయానికి పోయి ఆ సంపుటం మళ్ళీ తీశాను. పొర సంగతి అందులో ఉంది. కానీ ఆ పొర నీళ్ళు లేని చోట కడుతుంది. రేణుక ఇసుక తడి ఏ రోజూ ఆరలేదు. పోనీ, పొర వదిలేసి బయటికి వచ్చిందనుకుందాం. ప్రజ్ఞాపూర్ నుంచి సిద్దిపేటకు బస్సులోనే గంట పైన పడుతుంది. దూరం నడవలేని కప్ప ఆ దారంతా వచ్చి, పొత్రం పెట్టిన మూత కిందికి ఎట్లా దిగింది? దానికి ఆ పుస్తకంలో గానీ, ఆ తర్వాత నేను చదివిన ఏ పుస్తకంలో గానీ ఒక్క వాక్యం లేదు.

కప్ప తర్వాతి ఎండాకాలం దాకా బతికింది. పెట్టె వదిలి మళ్ళీ ఎక్కడికీ పోలేదు. తిన్నది, నీళ్ళలో కూర్చుంది, మట్టిలోకి దిగింది. అంతా నా దగ్గరే. కానీ రేణుక వచ్చిపోయిన రోజు నుంచి అది వాకిలి వైపే ముఖం పెట్టి కూర్చునేది. వాకిలికి అవతల రేణుక ఖాళీ చేసిన గది తలుపు ఉంది. నేను పెట్టెను గోడ వైపు తిప్పాను. పొద్దున చూస్తే కప్ప మట్టిలోనే తిరిగి మళ్ళీ ఆ తలుపు వైపు చూస్తోంది. ఎన్నిసార్లు తిప్పినా అంతే.

అట్లా చూస్తూనే చచ్చిపోయింది. అది ఎట్లా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా దాన్ని తలుచుకుంటే నాకు భయం వేయదు. ఆ తిరిగిన ముఖం గుర్తొచ్చి కడుపు మండుతుంది.