తుక్కు బస్తాలో దొరికిన దయ్యం నవల

మా లైబ్రరీలో అందరూ ఆవిడను బైండింగక్క అంటారు. ముప్పయ్యేళ్ళుగా వెనక గదిలో కూర్చుని చిరిగిన పుస్తకాలు కుడుతోంది. కుట్టినవి వేలు, చదివినవి సున్నా. పనివాళ్ళు పుస్తకం తెరిచి కూర్చుంటే పని సాగదని చేరిన రోజే ఎవడో మహానుభావుడు బెదిరించాడట.

కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ సారు పాత పాకెట్ సైజు నవలలన్నీ తుక్కు కింద తీసేయమన్నాడు. ఆయన దృష్టిలో పుస్తకమంటే నిగనిగలాడాలి మరి. వాటిని బస్తాల్లో కుక్కుతుంటే అక్క చేతికో దయ్యం నవల తగిలింది. అట్ట మీద జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, వెనక పాడుబడ్డ మేడ. అక్క అక్కడే చతికిలబడిపోయింది. పన్నెండేళ్ళప్పుడు ఇదే నవల సగంలో ఉండగా వాళ్ళ నాన్న లాక్కుని పొయ్యిలో పడేశాడట. ఆడపిల్లకు ఇవేం చదువులని వీపు విమానం మోత మోగించాడట. ఆ దెబ్బతో పుస్తకం పేరు కూడా మరిచిపోయింది.

ఆ మధ్యాహ్నం భోజనం మానేసి మొత్తం చదివేసింది. పుస్తకాలిచ్చే కౌంటరు మూసి నేను వెళ్ళేసరికి కోపంతో ఊగిపోతోంది. చిన్నప్పుడు ఆ దయ్యం పేరు చెబితేనే దుప్పటి ముసుగు పెట్టుకునేదట. తీరా చూస్తే పాపం అది అడిగిందల్లా తన గదిలో తనను ఉండనివ్వమనే. మొగుడూ మరిదీ కలిసి చంపి, గోడలో పెట్టి పైన సున్నం కొట్టేశారు. పైగా దాన్నే రాకాసి అన్నారు.

"ఇన్నేళ్ళూ భయపడాల్సినవాళ్ళను వదిలి దీన్ని చూసి భయపడ్డానే అమ్మాయ్" అంది.

వెంటనే చట్టాల పుస్తకాలకు వాడే గట్టి గుడ్డ వేసి దాన్ని బైండు చేసింది. మర్నాడు సారు చూసి మండిపడ్డాడు. చెత్తకు ఈ సోకులేమిటి, తీసుకెళ్ళి బస్తాలో వెయ్యమన్నాడు.

"ముప్పయ్యేళ్ళుగా ఏదిస్తే అది కుట్టాను సార్. ఇదొక్కటే చదివి కుట్టాను. బస్తాలో వెయ్యను."

నీ ఉద్యోగం జాగ్రత్త అని చెప్పి, ఆయనే రిజిస్టరులో పుస్తకం పేరు కొట్టేయడానికి బయల్దేరాడు. అక్క ఆయన కంటే ముందు నా కౌంటరుకొచ్చి సభ్యత్వం కార్డు అడిగింది. పాఠకుల దగ్గరున్న పుస్తకాన్ని తిరిగొచ్చేదాకా కొట్టేయకూడదన్నది మా పద్ధతి. ఇన్నేళ్ళు పనిచేసిన మనిషికి కార్డే లేదని అప్పుడు తెలిసి నాకు సిగ్గేసింది. కార్డు రాసిచ్చి, సారు చూస్తుండగానే పుస్తకం మీద తేదీ ముద్ర గుద్దాను.

గడువు పదిహేను రోజులు. గడువు రోజున అక్క వస్తుంది, నేను పొడిగిస్తాను. ఇప్పటికి నాలుగుసార్లయింది. మొన్న సారు వెనక గదిలోకే వెళ్ళి, ఆ పుస్తకం ఇంకెన్నాళ్ళని నిలదీశాడు.

అక్క సూదిలో దారం ఎక్కిస్తూ తల కూడా ఎత్తలేదు. "చదువుతున్నాను సార్" అంది.